వంద వాట్ల స్పీకర్‌కు ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలి?

క్లుప్తంగా: స్పీకర్ వెనక రాసిన వాట్లు అది తట్టుకోగల వేడికి హద్దు మాత్రమే. అది నడవడానికి అన్ని వాట్లు కావాలని అర్థం కాదు. యాంప్ సైజును తేల్చేవి స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి అది ఎంత గట్టిగా మోగుతుందన్న అంకె), కూర్చునే దూరం, వినే శబ్దం స్థాయి, సంగీతంలోని హెచ్చుతగ్గులు. మామూలు హాల్లో, మామూలు స్పీకర్లతో ఛానెల్‌కు 50 నుంచి 60 నిజమైన వాట్లు చాలామందికి సరిపోతాయి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్సే.

స్టీరియో సెట్ కొనేటప్పుడు దాదాపు అందరికీ ఒకే చోట టెన్షన్ మొదలవుతుంది. స్పీకర్ మీద 100 వాట్లని ఉంటుంది, నచ్చిన యాంప్లిఫయర్ మీద 50 అని ఉంటుంది. తక్కువ వాట్ల యాంప్ పెడితే ట్వీటర్లు, అంటే పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు, కాలిపోతాయని ఒకరు చెబుతారు. ఎక్కువ వాట్లది పెడితే స్పీకర్లే పోతాయని ఇంకొకరు హెచ్చరిస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఈ అయోమయం ఇన్నేళ్లుగా తెగడం లేదు. అసలు చిక్కేమిటంటే, యాంప్ మీది వాట్లు, స్పీకర్ మీది వాట్లు ఒకే విషయాన్ని కొలిచినవి కావు. వాటిని పక్కపక్కన పెట్టి సరిపోల్చడంలోనే పొరపాటు ఉంది.

యాంప్ ఇచ్చేది వోల్టేజీ

యాంప్లిఫయర్ స్పీకర్‌లోకి వాట్లను తోయదు. లోపలికి వచ్చిన చిన్న సిగ్నల్‌ను పెద్ద వోల్టేజీగా మార్చి టెర్మినల్స్ దగ్గర ఉంచుతుంది. ఎంత కరెంటు తీసుకోవాలన్నది స్పీకర్ ఇంపెడెన్స్‌ను, అంటే ఓమ్‌లలో చెప్పే దాని నిరోధాన్ని, బట్టి ఉంటుంది. గోడకున్న ప్లగ్ పాయింటు 16 ఆంపియర్లది అయినంత మాత్రాన దానికి తగిలించిన ఫోన్ ఛార్జర్ 16 ఆంపియర్లు లాగదు కదా, ఇదీ అంతే. 200 వాట్ల యాంప్‌కు చిన్న స్పీకర్ తగిలించి సన్నగా పాట పెడితే అందులోకి వెళ్లేది వాటులో పదో వంతే కావచ్చు.

అంకెల్లో చూస్తే, 8 ఓమ్‌ల స్పీకర్‌కు 20 వోల్టులు అందితే 2.5 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది, 50 వాట్లు ఖర్చవుతాయి. అదే 20 వోల్టులు 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఇస్తే 5 ఆంపియర్లు, 100 వాట్లు. వోల్టేజీ మారలేదు, కరెంటు మారింది. "50 వాట్ల యాంప్" అంటే 8 ఓమ్‌ల మీద 20 వోల్టుల దాకా సిగ్నల్ ఆకారం చెడకుండా ఇవ్వగలదని అర్థం. ఆ గీత దాటితే అలల తలలు నరికినట్టు సమతలమవుతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు.

వాల్యూమ్ నాబ్ విషయంలోనూ ఇలాంటి అపోహ ఒకటుంది. నాబ్ సగం దాకా తిరిగితే యాంప్ సగం శక్తి వాడుతోందని చాలామంది అనుకుంటారు. సీడీ ప్లేయర్ లేదా డాక్ (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పరికరం) నుంచి వచ్చే సిగ్నల్ సాధారణంగా 2 వోల్టుల దాకా ఉంటుంది. చాలా యాంప్‌లు అందులో పదో వంతు అందినా పూర్తి శక్తికి చేరేలా తయారవుతాయి. అందుకే గట్టిగా రికార్డు చేసిన పాటకు నాబ్ పది, పదకొండు గంటల స్థానంలో ఉండగానే యాంప్ తన హద్దు తాకవచ్చు. "ఇంకా సగం మిగిలి ఉంది" అనుకుంటూ తిప్పే ఆ మిగతా సగంలోనే స్పీకర్లు కాలేది.

స్పీకర్ మీది అంకె వేడి లెక్క

ఇంట్లో వాడే స్పీకర్లు చాలా తక్కువ సామర్థ్యంతో పనిచేసే పరికరాలు. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తనకు అందిన విద్యుత్తులో శబ్దంగా మార్చేది సుమారు 0.4 శాతం. మిగిలినదంతా వేడి, అందులో ఎక్కువ భాగం స్పీకర్ కోన్‌ను కదిలించే వాయిస్ కాయిల్‌లోని సన్నని తీగలో పుడుతుంది. స్పీకర్ వెనక రాసిన "100 వాట్లు" ఆ తీగ, దాని జిగురు ఎంత వేడిని తట్టుకుంటాయో చెప్పే అంకె. దాన్ని సంగీతాన్ని పోలిన నాయిస్ సిగ్నల్‌ను గంటల తరబడి వాయించి కొలుస్తారు. ఆ నాయిస్‌లో సగటు 100 వాట్లయితే శిఖరాలు 400 వాట్ల దాకా వెళతాయి. "స్పీకర్ రేటింగ్‌కు రెట్టింపు వాట్ల యాంప్ తీసుకోండి" అనే పాత సలహాకు మూలం ఇదే. ఫంక్షన్ హాళ్లలో, స్టేజీల మీద రాత్రంతా పూర్తి శబ్దంతో నడిపేవాళ్లకు అది పనికొచ్చే సూత్రం. నాలుగు గోడల మధ్య పాటలు వినేవాళ్లకు దాని అవసరం లేదు.

ఆ 100 వాట్లు మొత్తం స్పీకర్‌కు చెందినవి, ట్వీటర్‌కు కాదు. సంగీతంలో శక్తి ఎక్కువగా కింది స్వరాల్లోనే ఉంటుంది కాబట్టి ట్వీటర్ వాటా కొద్ది వాట్లే అన్న నమ్మకంతో తయారీదారు దాన్ని పెడతాడు. ట్వీటర్ కాయిల్ తీగ వెంట్రుకంత సన్నగా ఉంటుంది, నిరంతరంగా తట్టుకునేది కొద్ది వాట్లే.

వేడికి ఇంకో ఫలితం కూడా ఉంది. రాగి తీగ ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా దాని నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత నుంచి 200 డిగ్రీలకు చేరిన కాయిల్ నిరోధం 6 ఓమ్‌ల నుంచి 10 ఓమ్‌ల దగ్గరకు వెళుతుంది. అప్పుడు అదే వోల్టేజీకి 4 డెసిబెల్స్‌కు పైగా శబ్దం తగ్గవచ్చు. హద్దు దగ్గర నడుస్తున్న స్పీకర్‌కు పెద్ద యాంప్ తగిలిస్తే లెక్క ప్రకారం రావాల్సిన 3 డెసిబెల్స్ కూడా రాకపోవడానికి ఇదొక కారణం.

డెసిబెల్స్‌తో మొదలుపెడితే

వాట్ల నుంచి శబ్దానికి వెళ్లే బదులు, కావలసిన శబ్దం నుంచి వాట్లకు వెనక్కి రావడం మేలు. దానికి నాలుగు సూత్రాలు చాలు. శక్తి రెట్టింపైతే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. పది రెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతాయి, చెవికి అది సుమారు రెట్టింపు శబ్దంలా వినిపిస్తుంది. స్పీకర్లు రెండు కాబట్టి మరో 3 కలుస్తాయి. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం తోడవుతుంది కాబట్టి అంత పోవు.

మన ఇళ్ల విషయంలో ఈ చివరి మాట ముఖ్యం. ఇటుక గోడ, సిమెంట్ ప్లాస్టరింగ్, టైల్స్ లేదా గ్రానైట్ నేల, పైన కాంక్రీట్ స్లాబు, ఇవేవీ శబ్దాన్ని పీల్చుకోవు. చెక్క గోడలు, తివాచీ నేలలు ఉన్న విదేశీ గదుల కోసం వేసిన లెక్కల కంటే ఇక్కడ తక్కువ వాట్లే సరిపోతాయి. అయితే స్పష్టత కూడా అంతే తగ్గుతుంది. అలాంటి గదిలో మాటలు తెలియడం లేదని వాల్యూమ్ పెంచడం, యాంప్ మార్చడం వృథా. మందపాటి కర్టెన్లు, ఒక తివాచీ, పుస్తకాల అల్మరా చేసే మేలు వాట్లు చేయలేవు.

ఇప్పుడొక మామూలు హాలు తీసుకుందాం: 12 అడుగులకు 14 అడుగులు, స్పీకర్ల నుంచి సోఫా దాకా 9 అడుగులు. స్పీకర్ సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, అంటే 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో 86 వినిపిస్తుంది. 8 ఓమ్‌ల మీద 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాటు. దూరం వల్ల గదిలో సుమారు 6 డెసిబెల్స్ పోయాయనుకుంటే, రెండో స్పీకర్ 3 కలిపితే, సోఫా దగ్గర 83. అది కూడా స్పీకర్‌కు ఒక్కో వాటుతో.

83 డెసిబెల్స్ చిన్న శబ్దం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు సూచించిన హద్దు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్. 90 దగ్గరైతే ఆ హద్దు వారానికి 4 గంటలకు పడిపోతుంది. చాలా ఇళ్లలో పాటలు నడిచే సగటు స్థాయి 70 నుంచి 75. పై లెక్క ప్రకారం 73 కావాలంటే వాటులో పదో వంతు చాలు.

మరి 50 వాట్లు దేనికి? హెచ్చుతగ్గుల కోసం. ఈ కాలపు సినిమా పాటను మిక్సింగ్‌లో బాగా కుదించి గట్టిగా చేస్తారు కాబట్టి శిఖరం సగటు కంటే 8, 10 డెసిబెల్స్ మించదు. 1950ల నాటి ఘంటసాల మోనో రికార్డింగుల్లో లోతైన బేస్ దాదాపు లేదు, వాటికి చాలా తక్కువ శక్తి చాలు. కుదించకుండా రికార్డు చేసిన కర్ణాటక కచేరీ అలా కాదు. తంబురా శ్రుతి మీద నెమ్మదిగా సాగే ఆలాపన తర్వాత తని ఆవర్తనంలో మృదంగం మీద పడే ఒక్క గట్టి దెబ్బ సగటు కంటే 18, 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. 83 సగటుతో వింటూ 18 డెసిబెల్స్ శిఖరం చెడకుండా రావాలంటే 1 వాటుకు 63 రెట్లు, అంటే 63 వాట్లు కావాలి. అదే స్థాయిలో సినిమా పాటకు 10 చాలు. 73 దగ్గర వినేవాళ్లకు కచేరీ అయినా 7 వాట్లు దాటదు.

స్పీకర్ మారితే ఈ అంకె ఎంత మారుతుందో చూడాలి. 92 డెసిబెల్స్ స్పీకర్ అయితే 63 వాట్ల పనికి 16 చాలు. 82 దగ్గర ఉండే చిన్న స్పీకర్ అయితే 158 కావాలి. బీబీసీ ఇంజినీర్లు 1970లలో తయారుచేసిన ఎల్ఎస్3/5ఎ ఆ కోవలోదే, దాని సెన్సిటివిటీ 82, 83 దగ్గరే. అంత శక్తి ఇచ్చినా బేస్ పలికే దాని చిన్న వూఫర్ తట్టుకోలేదు. అంటే కొన్ని స్పీకర్లు, కొన్ని గదులు, కొన్ని కోరికలు కలవనే కలవవు. ఆ చోట ఏ యాంప్ కొన్నా జవాబు దొరకదు.

బేస్ నాబ్ కూడా ఈ లెక్కలోదే. 6 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ స్వరాల దగ్గర నాలుగు రెట్ల శక్తి, 10 అంటే పది రెట్లు. సరిపోతున్న యాంప్ ఉన్నట్టుండి చాలకుండా పోవడానికి తరచుగా కారణం ఇదే.

చిన్న డబ్బాలు వచ్చాక

వాట్ల పోటీ ఊరికే మొదలవలేదు. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946లో అమ్మకానికి తెచ్చిన మూలన పెట్టే హార్న్ స్పీకర్ సెన్సిటివిటీ 100 డెసిబెల్స్ దాటుతుంది. అప్పటి పదిపదిహేను వాట్ల వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) యాంప్‌లు దానికి ఎక్కువే. కానీ అది బీరువా అంత ఉంటుంది. 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరబడని చిన్న డబ్బాలో లోతైన బేస్ తెప్పించాడు. అందుకు సెన్సిటివిటీ తగ్గించుకోవాల్సి వచ్చింది. చిన్న డబ్బా, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయన్న హాఫ్‌మన్ సూత్రం ఆ రోజుల్లోదే. ఫ్లాట్లలో పట్టే సన్నని స్పీకర్లను లోకం ఎంచుకుంది, వాటిని నడిపే వాట్లను ట్రాన్సిస్టర్లు చవకగా ఇచ్చాయి.

అయినా రాసిన అంకె చిన్నదైనంత మాత్రాన యాంప్ బలహీనమని కాదు. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 యాంప్ రేటింగు 20 వాట్లే. సంగీతంలోని క్షణికమైన శిఖరాలకు అది దాదాపు రెట్టింపు ఇవ్వగలిగేది, ఇంపెడెన్స్ తక్కువైన స్పీకర్లకు కావలసిన కరెంటు అందించేది. కాగితం మీద రెండింతలు కనిపించే యాంప్‌లు తడబడిన చోట అది నిలబడడంతోనే ప్రపంచమంతా అమ్ముడుపోయింది.

ట్వీటర్ ఎందుకు కాలుతుంది

"తక్కువ వాట్ల యాంప్ ప్రమాదం" అన్న మాటకు సాధారణంగా చెప్పే కారణం, క్లిప్ అయిన సిగ్నల్‌లో కొత్తగా పుట్టే పై స్వరాలు (హార్మోనిక్స్) ట్వీటర్‌కు వెళతాయని. అది కొంతవరకే నిజం. పూర్తిగా చదునై చతురస్రంగా మారిన అలకు మామూలు అల కంటే రెట్టింపు శక్తి ఉంటుందన్నదీ నిజమే, అంటే 50 వాట్ల యాంప్ 100 దాకా ఇవ్వగలదు.

అంతకంటే పెద్ద కారణం ఇంకోటి. పాటలో బేస్ యాంప్ హద్దును తాకిందనుకుందాం. అక్కడి నుంచి వాల్యూమ్ ఇంకో 10 డెసిబెల్స్ పెంచితే బేస్ పెరగలేదు, దాని దారి మూసుకుపోయింది. అప్పటిదాకా తక్కువ స్థాయిలో ఉన్న పై స్వరాలకు మాత్రం ఇంకా చోటుంది కాబట్టి అవి పెరుగుతూ పోతాయి. 2 వాట్లు తీసుకుంటున్న ట్వీటర్ 20 దగ్గరకు చేరవచ్చు. బేస్ ఎక్కువ, ట్రెబుల్ తక్కువ అన్న సంగీతపు సహజ పంపకం తలకిందులవుతుంది. ఆ పంపకాన్ని నమ్మి పెట్టిన ట్వీటర్ కాలుతుంది.

దీని నుంచి తేలేది ఏమిటంటే, తప్పు చిన్న యాంప్‌ది కాదు. దాని చేత చేయించిన పనిది. 5 వాట్ల యాంప్‌ను 100 వాట్ల స్పీకర్‌కు తగిలించి ఎంత క్లిప్ చేసినా 10 వాట్లు దాటి రావు, ఏమీ కాలదు. చెవికి మాత్రం నరకం. అదే శబ్దం కోరే చేతికి 200 వాట్ల యాంప్ అందితే క్లిప్పింగ్ తగ్గుతుంది, కానీ వూఫర్ వేడెక్కుతుంది లేదా కోన్ దాని హద్దు దాటి ఊగి యాంత్రికంగా దెబ్బతింటుంది. ఏ వాట్లయినా సరే, గొంతు బరుసెక్కడం, తాళాల (సింబల్స్) మోత చితికినట్టు వినిపించడం, వూఫర్ నుంచి టపటపలు రావడం వాల్యూమ్ తగ్గించమని చెప్పే గుర్తులు. ఆ తర్వాతి గుర్తు కాలిన వాసన.

ఓమ్‌ల దగ్గర మాత్రం జాగ్రత్త తప్పదు

వాట్లు కుదరకపోతే నష్టం తక్కువ, ఇంపెడెన్స్ కుదరకపోతే యాంప్‌కే ముప్పు. 8 ఓమ్‌లు అని రాసినంత మాత్రాన అన్ని స్వరాల దగ్గరా 8 ఉండదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి పోకూడదు, అంటే 8 ఓమ్‌ల స్పీకర్ 6.4కు, 4 ఓమ్‌లది 3.2కు దిగవచ్చు. ఈ నియమాన్ని పాటించని స్పీకర్లూ మార్కెట్లో ఉన్నాయి. యాంప్ వివరాల్లో 8 ఓమ్‌లకు 50 వాట్లు, 4 ఓమ్‌లకు 90, 100 అని ఉంటే దాని ట్రాన్స్‌ఫార్మర్, ట్రాన్సిస్టర్లు కరెంటు ఇవ్వగలవని అర్థం. 4 ఓమ్‌ల అంకె అసలు లేకపోతే అనుమానించాలి.

ఒకే యాంప్‌కు రెండు జతలు కలిపితే 8 ఓమ్‌లవి 4 అవుతాయి, 4 ఓమ్‌లవి 2 అవుతాయి. ఇంటి యాంప్‌లలో ఎక్కువ భాగం 2 ఓమ్‌లకు తయారైనవి కావు. ఇంకో కిటుకు సెన్సిటివిటీ అంకెలో ఉంది. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులిచ్చి కొలిస్తే అది 1 వాటు కాదు, 2 వాట్లు. అక్కడ రాసిన 89ని 8 ఓమ్‌ల స్పీకర్‌తో పోల్చేటప్పుడు 86గా చదవాలి.

వైర్ల గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు: 5 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు 8 ఓమ్‌ల స్పీకర్‌తో పోగొట్టేది 0.12 డెసిబెల్. చెవికి తెలియదు.

ఏ వాట్లు నిజమైనవి

డబ్బాల మీద గరిష్ఠ శక్తి పేరుతో రాసే పీఎంపీఓ అన్న అంకెకు ప్రమాణమంటూ ఏదీ లేదు. డబ్బా మీద వేల వాట్లు రాసిన కంప్యూటర్ స్పీకర్లు నిజంగా ఇచ్చేది పదుల్లోనే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇంటి యాంప్‌ల వాట్ల ప్రకటనలకు నియమం పెట్టింది. 2024లో దాన్ని సవరించి 8 ఓమ్‌ల లోడు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, డిస్టార్షన్ (సిగ్నల్ ఆకారం చెడడం) 1 శాతం లోపు అన్న షరతులు ఖాయం చేసింది. మన దగ్గర అమ్మే ఏవీ రిసీవర్ల (హోమ్ థియేటర్ యాంప్‌ల) కాగితాల్లో మాత్రం 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక్క ఛానెల్ నడిపి కొలిచిన అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చూడాల్సింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న రెండు ఛానెళ్ల, 8 ఓమ్‌ల అంకె.

కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో దొరికే బోర్డులకూ ఇదే పరీక్ష. తెలుగు పల్లెల్లో కూడా మెకానిక్‌లు దశాబ్దాలుగా బిగిస్తున్న 4440 ఐసీ ఛానెల్‌కు ఇచ్చేది 6 వాట్లు, బ్రిడ్జి చేస్తే 19. ఇప్పటి క్లాస్ డీ బోర్డుల్లో బాగా కనిపించే టీపీఏ3116 చిప్ "50+50" రేటింగు 21 వోల్టుల సప్లై, 4 ఓమ్‌ల లోడు, 10 శాతం డిస్టార్షన్‌తో చెప్పినది. దానికే 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే 8 ఓమ్‌ల స్పీకర్‌కు క్లిప్ కాకుండా 9 వాట్లు మించి రావు, భౌతికశాస్త్రం ఒప్పుకోదు. అడాప్టర్ మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే రెండు ఛానెళ్లకూ కలిపి దొరికేది 24 వాట్లే. అడాప్టర్ వాట్ల కంటే ఎక్కువ వాట్లు నిలకడగా ఇస్తానన్న ఏ యాంప్ మాటా నమ్మనక్కరలేదు.

ఇంట్లోనే తేల్చుకోవడం

లెక్కల మీద నమ్మకం కుదరకపోతే మల్టీమీటర్‌తో కొలిచే పద్ధతి ఒకటుంది. ఎప్పుడూ వినే పాటల్లో బాగా హెచ్చుతగ్గులున్నవి పెట్టి, ఇంతకంటే గట్టిగా వినం అనుకున్న చోట నాబ్ ఆపాలి. నాబ్ కదపకుండా యాంప్ ఆపి స్పీకర్ వైర్లు విప్పేయాలి. పూర్తి స్థాయికి 12 డెసిబెల్స్ కింద రికార్డు చేసిన 50 హెర్ట్జ్ టోన్‌ను అదే ప్లేయర్ నుంచి వాయించి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజీ చూడాలి. వచ్చిన అంకెను 4తో హెచ్చవేస్తే ఆ నాబ్ స్థానంలో యాంప్ ఇవ్వాల్సిన గరిష్ఠ వోల్టేజీ తెలుస్తుంది. దాన్ని దానితోనే గుణించి, స్పీకర్ ఓమ్‌లతో భాగిస్తే వాట్లు. మీటర్ 2 వోల్టులు చూపిస్తే గరిష్ఠం 8 వోల్టులు, 8 ఓమ్‌ల మీద 8 వాట్లు. వాల్వ్ యాంప్‌లతో ఈ పని చేయకూడదు, స్పీకర్ లేకుండా నడిపితే వాటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది.

చాలా ఇళ్లలో ఈ అంకె 20 దాటదు. నిజంగా 100 దాటేది రెండు సందర్భాల్లో: సెన్సిటివిటీ బాగా తక్కువైన స్పీకర్లతో పెద్ద హాల్లో వింటున్నప్పుడు, సినిమాను థియేటర్ స్థాయిలో చూడాలనుకున్నప్పుడు. థియేటర్ ప్రమాణంలో సగటు 85 డెసిబెల్స్ అయితే ఒక్కో ఛానెల్ శిఖరాలు 105 దాకా వెళతాయి. అక్కడ కూడా ముందు ఆలోచించాల్సింది పెద్ద యాంప్ గురించి కాదు, సొంత యాంప్ ఉన్న సబ్ వూఫర్ గురించి. 80 హెర్ట్జ్ కిందిదంతా దానికి అప్పగిస్తే ముందు స్పీకర్లకు, వాటిని నడిపే యాంప్‌కు బరువైన పని తప్పుతుంది, ఉన్న 50 వాట్లతోనే శిఖరాలకు చోటు దొరుకుతుంది.